శివారున పేరుకుంటున్న విషం

2017 మార్చి 30న పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు మండలం నల్లంవారితోట దగ్గర రొయ్యల ప్లాంటులో తొట్టె శుభ్రం చేయడానికి దిగిన ఐదుగురు కార్మికులు విషవాయువు పీల్చి చనిపోయారు. ఊళ్లు రోడ్డెక్కాయి, నాయకులు వచ్చారు, పరిహారం ప్రకటించారు. నిమిషాల్లో ప్రాణం తీసిన విషం గనుక ఆ మాత్రం కదలికైనా వచ్చింది. ఇదే నేలలో, ఇదే నీటిలో ఇంకో జాతి విషం ఉండే అవకాశం బలంగా ఉంది. అది ఎవరినీ అక్కడికక్కడ పడేయదు. ఇరవై ముప్పై ఏళ్లు తీరిగ్గా పనిచేస్తుంది. రోగం వచ్చాక కూడా దాని పేరు ఏ ఆసుపత్రి చీటీ మీదా రాయరు. ఈ సంపాదకీయం ఆ విషం గురించి.

డీడీటీ, గమాక్సిన్, ఎండ్రిన్, ఎండోసల్ఫాన్ లాంటి పురుగుమందులు, పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెల్లో వాడిన పీసీబీలు, ప్లాస్టిక్ తగలబెట్టినప్పుడు పుట్టే డయాక్సిన్లు ఒకే కోవకు చెందినవి. ఎండా వానా సూక్ష్మజీవులూ వీటిని తొందరగా విరగ్గొట్టలేవు. డీడీటీ మట్టిలో సగానికి తగ్గడానికే రెండేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా పట్టవచ్చు. ఇవి నీళ్లలో దాదాపు కరగవు, కొవ్వులో బాగా కరుగుతాయి. అందుకే కాలువ నీటిని పరీక్షించి ఏమీ లేదని నిశ్చింతగా ఉండడం తప్పు. విషం అడుగు బురదలో ఉంటుంది. బురద నుంచి ప్లాంక్టన్‌కు, దాని నుంచి చిన్న చేపకు, పెద్ద చేపకు, ఆ చేప తిన్న మనిషికి చేరుతుంది. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ మోతాదు పెరుగుతుంది. ఆ పైన తల్లి నుంచి కడుపులోని బిడ్డకు, పాల ద్వారా చంటిబిడ్డకు అందుతుంది. ఇది చదివి ఏ తల్లీ పాలు మాన్పించకూడదు. తల్లిపాల మేలు ఈ ముప్పు కంటే చాలా పెద్దదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. విషం ఆపాల్సింది పొలంలో, కాలువలో, పొగగొట్టంలో.

మొగల్తూరు గురించే ప్రత్యేకంగా ఎందుకు చెప్పాలంటే, ఇది గోదావరి డెల్టా శివారు. సాగునీరు చివరగా అందే చోటు, మురుగు మాత్రం తప్పకుండా చేరే చోటు. కొల్లేరు నీరు ఉప్పుటేరు మీదుగా, భీమవరం వైపు పొలాల, చెరువుల మురుగు గొంతేరు లాంటి డ్రైన్ల మీదుగా ఈ తీరానికే దిగుతుంది. తుందుర్రు, జొన్నలగరువు, కె.బేతపూడి జనం తమ ఊళ్ల దగ్గర ఆక్వా ఫుడ్ పార్కు వద్దని ఏళ్ల తరబడి పోరాడినప్పుడు వాళ్ల ప్రధాన భయం గొంతేరులో కలిసే మురుగు గురించే. ఆ భయాన్ని అభివృద్ధి వ్యతిరేకత అని కొట్టిపారేసినవాళ్లు ఇప్పటికైనా పునరాలోచించాలి.

హరిత విప్లవం రోజుల్లో దాళ్వా, సార్వా రెండు పంటలకూ ఈ డెల్టాలో గమాక్సిన్ పొడి బస్తాల లెక్కన చల్లారు. ఎండ్రిన్ అయితే పల్లెల్లో చావుకు మారుపేరైంది. రైతును తప్పుపట్టలేం. ఎక్కువ పండించమన్నదీ, ఈ మందులే వాడమన్నదీ ప్రభుత్వమే. వ్యవసాయంలో డీడీటీని 1989లో, ఎండ్రిన్‌ను 1990లో, ఆల్డ్రిన్‌ను 1996లో, గమాక్సిన్‌గా మనం పిలిచిన బీహెచ్‌సీని 1997లో ఆపారు. ఎండోసల్ఫాన్ మాత్రం 2011 మే 13న సుప్రీంకోర్టు ఆపమనేదాకా ఆగలేదు. కేరళలోని కాసరగోడ్‌లో జీడితోటల మీద దాన్ని హెలికాప్టర్లతో రెండు దశాబ్దాలకు పైగా చల్లారు. అక్కడ పుట్టిన పిల్లల దుస్థితి దేశమంతా చూసింది. బాధితులకు ఐదేసి లక్షలు ఇవ్వమని 2017 జనవరిలో కోర్టే చెప్పాల్సి వచ్చింది.

ఆ మందులు చల్లిన వరిపొలాలు తర్వాత ఏమయ్యాయి? చేపల చెరువులయ్యాయి, రొయ్యల చెరువులయ్యాయి. యంత్రాలతో మట్టి తవ్వి గట్లు పోశారు. దశాబ్దాల కిందటి మందు అంటుకున్న ఆ మట్టే ఇప్పుడు చెరువు అడుగు, చెరువు గట్టు. వరి గింజ కంటే చేప కొవ్వులో ఈ విషాలు ఎన్నో రెట్లు పేరుకుంటాయి. అంటే పంట మార్చినప్పుడు ముప్పు తగ్గలేదు, మన కంచానికి ఇంకా దగ్గరైంది. ఊహతో చెబుతున్న మాట కాదిది. 2000ల మొదట్లో పరిశోధకులు కొల్లేరు చేపల్లో, చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో బీహెచ్‌సీ, డీడీటీ, ఎండోసల్ఫాన్, డీల్డ్రిన్ అవశేషాలు గుర్తించి అంతర్జాతీయ పత్రికల్లో ప్రచురించారు. కొల్లేరులో ఉన్నది ఉప్పుటేరు దిగువన ఉండదని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

ప్రపంచం ఈ ప్రమాదాన్ని ఆలస్యంగానే అయినా గుర్తించింది. పొలాల్లేని ఆర్కిటిక్ మంచు ప్రాంతంలో ఇన్యూట్ తల్లుల పాలలో 1980ల చివర పీసీబీలు బయటపడినప్పుడు, ఈ విషాలు గాలిలో ఆవిరై చలిదేశాల దాకా ప్రయాణిస్తాయని తెలిసింది. ఏ ఒక్క దేశమూ ఒంటరిగా ఆపలేదని తేలాక 2001 మే 22న స్టాక్‌హోమ్ ఒప్పందం కుదిరింది, 2004 మే 17న అమల్లోకి వచ్చింది. దాని జాబితాలో మొదట 12 రసాయనాలు, ఇప్పుడు 30కి పైగా. నాన్‌స్టిక్ పూతల తయారీలో వాడిన పీఎఫ్‌ఓఏ కూడా 2019లో ఆ జాబితాకెక్కింది. ఆలస్యానికి మూల్యం ఎంతో వియత్నాంను చూస్తే తెలుస్తుంది. అమెరికా చల్లిన ఏజెంట్ ఆరెంజ్ తాలూకు డయాక్సిన్‌ను డనాంగ్ విమానాశ్రయం మట్టిలోంచి తొలగించే పని 2012లో మొదలై 2018కి గానీ ముగియలేదు. మట్టిని 300 డిగ్రీలకు పైగా కాల్చాల్సి వచ్చింది. యుద్ధం 1975లోనే ముగిసింది.

భారత్ ఈ ఒప్పందాన్ని 2006 జనవరిలో ఆమోదించింది. అయితే తర్వాత చేర్చే ప్రతి రసాయనాన్నీ మళ్లీ విడిగా ఒప్పుకుంటేనే తనకు వర్తిస్తుందని షరతు పెట్టుకుంది. 2018లో ఏడు రసాయనాల తయారీ, వాడకం నిషేధిస్తూ నియమాలు తెచ్చి, వాటిని 2020 అక్టోబర్‌లో ఒప్పందం కింద ఆమోదించింది. మంచిదే. కానీ ఆ ఏడూ మన రైతు చేతిలో ఉన్నవి కావు. 2025లో ఒప్పంద దేశాల జెనీవా సమావేశం క్లోరిపైరిఫాస్‌ను జాబితాలో చేర్చింది, కొన్ని వాడకాలకు మినహాయింపులు ఇచ్చింది. కాండం తొలుచు పురుగుకూ చెదలకూ మన దుకాణాల్లో అడగ్గానే ఇచ్చే మందు అది. పసిపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుందన్న ఆధారాలు ఉన్నందునే ప్రపంచం దాన్ని పక్కన పెడుతోంది. మినహాయింపుల గడువును ఎలా పొడిగించాలా అని ఢిల్లీ ఆలోచించడం కంటే, రైతుకు ప్రత్యామ్నాయం చూపే పని ఇప్పుడే మొదలుపెట్టాలి. ఎండోసల్ఫాన్ విషయంలో చేసిన జాగు మరోసారి చేయడం క్షమించరానిది.

కొత్త విషం రోజూ పుడుతూనే ఉంది. విరిగిన పీవీసీ పైపులు, వైర్ల తొక్కలు, ప్లాస్టిక్ చెత్త గట్ల మీద, రోడ్ల పక్క తగలబెడితే డయాక్సిన్లు వస్తాయి. పీసీబీల సంగతి మరీ గమనించదగ్గది. కేంద్రం 2016లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2025 డిసెంబర్ 31 తర్వాత వాటి వాడకం కూడదు, ఒప్పందం ప్రకారం 2028 నాటికి నాశనం చేయాలి. ఏరియేటర్ల కోసం చెరువుల మధ్య ఇన్ని ట్రాన్స్‌ఫార్మర్లు నిలబెట్టిన ప్రాంతంలో పాత నూనె ఎటు పోతోందో విద్యుత్ సంస్థ ప్రజలకు చెప్పాలి.

ముందే పరీక్షించకపోతే ఏమవుతుందో ఏలూరు చూసింది. 2020 డిసెంబర్‌లో 600 మందికి పైగా మూర్ఛతో, స్పృహ తప్పి ఆసుపత్రి పాలయ్యారు. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు, చివరికి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని ఎయిమ్స్, జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) నిపుణులు చెప్పారు. అవి జనం ఒంట్లోకి ఎలా చేరాయో తేలలేదు. అంతకుముందు కొలిచిన లెక్కలు ఉంటే, పోల్చి చూడడానికి ఏదో ఒక ఆధారం దొరికేది.

పరీక్షలంటే రొయ్య ధర పడిపోతుందని వ్యాపారులు అంటారు. వాళ్ల ఆందోళన అర్థం చేసుకోదగ్గదే. కానీ విదేశీ కొనుగోలుదారు ఎలాగూ పరీక్షిస్తాడు. ఎగుమతి సరుకు కోసం సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ (ఎంపెడా) అవశేషాల తనిఖీ నడుపుతోంది, భీమవరంలోనే దానికి ప్రయోగశాల ఉంది. నరసాపురం బజారులో అమ్మే చేపకు, మొగల్తూరు ఇంట్లో వండే రొయ్యకు అలాంటి తనిఖీ ఎందుకు ఉండకూడదు? కొత్త చట్టం అక్కర్లేదు. వేసవిలో పట్టుబడి అయ్యాక చెరువులు ఎండగట్టినప్పుడు అడుగు మట్టి తీయడం సులువు. గొంతేరు, ఉప్పుటేరు బురద నమూనాలు, కాలువల్లో దొరికే చేపల నమూనాలు అప్పుడే తీయాలి. కాలుష్య నియంత్రణ మండలి, మత్స్యశాఖ ఈ పని చేపట్టి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చేత విశ్లేషింపజేసి, ఫలితాలను ఊరూరా పంచాయతీ గోడ మీద తెలుగులో అంటించాలి. విషం తేలిన చెరువు రైతును దోషిగా నిలబెట్టకుండా, మట్టి మార్చుకోవడానికి, పంట ఆపినన్నాళ్లు బతకడానికి డబ్బు ఇవ్వాలి. ఆ హామీ ముందే ఇవ్వకపోతే ఏ రైతూ తన చెరువు మట్టి ఇవ్వడు.