ఇంటింటి విజ్ఞానం: ఒక ఎద్దుకు రెండు బళ్ళు

గత సంచికలో ఇన్వర్టరు బ్యాటరీల సంరక్షణ గురించి వ్రాసిన పిమ్మట, ఇంటి స్టీరియోల గురించి కూడా వ్రాయవలసిందిగా కొందరు ఉద్యోగ మిత్రులు కోరారు. "అటకమీద పాత యాంప్లిఫయరు ఉన్నది. దానికి ఏ స్పీకర్లయినా తగిలించవచ్చునా?" అన్నది వారి ప్రశ్న. సమాధానం చెప్పే ముందు, మా అజ్ఞానం వల్ల జరిగిన ఒక నష్టాన్ని పాఠకుల ఎదుట ఒప్పుకొనడం న్యాయమని భావిస్తున్నాము.

కొన్ని సంవత్సరాల క్రిందటి మాట. ఉగాది సాయంత్రం క్వార్టర్ల ఆవరణలో తెలుగు కుటుంబాలన్నీ చేరాయి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వచ్చి ఈ ద్వీపాలలో స్థిరపడిన మనవారికి పండుగనాడు పాట లేనిదే పొద్దు గడవదు గదా! మా స్టీరియో ధ్వని ఆరుబయట చాలలేదు. ప్రక్క క్వార్టరులోని పెద్దలొకరు తమ తండ్రిగారి కాలంనాటి స్పీకర్ల జతను తెచ్చి ఇచ్చారు. విశాఖపట్నం నుండి ఓడలో బట్టల మూటల నడుమ భద్రంగా తెచ్చుకున్న పెట్టెలవి. మేము వాటి తీగలను మా స్పీకర్ల తీగలతోనే కలిపి యాంప్లిఫయరుకు బిగించాము. ధ్వని పెరిగింది, అందరూ మెచ్చుకున్నారు. అరగంట తరువాత కాలిన వాసన వచ్చింది. చూద్దాములే అనుకున్నాము. మరి కొంతసేపటికి పెద్ద గుర్రుమను శబ్దం, ఆపై నిశ్శబ్దం.

మరునాడు అబర్డీన్ బజారులో మరమ్మతులు చేసే ఒక పెద్దాయన పెట్టె విప్పి చూసి, "ఒక ఎద్దుకు రెండు బళ్ళు కట్టారండీ" అన్నారు. ఆ ఒక్క మాటలో శాస్త్రమంతా ఉన్నది.

స్పీకరు వెనుక రెండు అంకెలు ఉంటాయి. ఒకటి వాట్లు, రెండవది ఓములు. అందరూ మొదటిదే చూస్తారు. ప్రమాదం మాత్రం రెండవదానిలో ఉన్నది. విద్యుత్తుకు స్పీకరు కల్పించే అడ్డంకికి కొలమానం ఓము. 1827లో ఈ లెక్కను ప్రకటించిన జర్మన్ శాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓమ్ పేరు మీదనే ఆ మాట ఏర్పడినది. ఓములు తగ్గిన కొద్దీ అడ్డంకి తగ్గి, యాంప్లిఫయరు నుండి ఎక్కువ విద్యుత్తు ప్రవహిస్తుంది. అనగా అంకె చిన్నదయితే బరువు పెద్దదన్నమాట.

ఉదాహరణకు, యాంప్లిఫయరు 16 వోల్టులు ఇస్తున్నదనుకొందాము. 8 ఓముల స్పీకరు 2 ఆంపియర్లు తీసుకొంటుంది. 4 ఓములదైతే 4 ఆంపియర్లు. మేము చేసినది అంతకన్న ఘనకార్యం. ఒక్కొక్క వైపు మా 8 ఓముల స్పీకరుకు వారి 4 ఓముల స్పీకరును జోడించాము. ఇట్లు ప్రక్కప్రక్కన కలిపినప్పుడు రెండు అంకెల లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగించవలెను: 32ను 12తో భాగిస్తే సుమారు 2.67 ఓములు. అదే 16 వోల్టులకు 6 ఆంపియర్లు, అనగా మూడింతల బరువు! మా యాంప్లిఫయరు వెనుక "6 ఓములకు తగ్గరాదు" అని అచ్చువేసే ఉన్నది. ఆ వాక్యాన్ని మేము పండుగ మరునాడు చదివాము.

నష్టం యాంప్లిఫయరుతో ఆగలేదు. వేడికి తాళలేక లోపలి ట్రాన్సిస్టర్లు షార్టు అయినప్పుడు నేరు విద్యుత్తు సూటిగా స్పీకర్లలోకి పోయి, వాటి తీగచుట్టలను కాల్చివేసింది. మా స్పీకర్లు పోయినందుకు మాకు చింత లేదు. ప్రక్కింటివారి తండ్రిగారి స్పీకర్లు కూడా మూగవోయాయి. ఆయన "పోనిద్దురూ, మనుషులకేమీ కాలేదు గదా" అన్నారు. ఆ మాటకు మేము తలెత్తలేకపోయాము.

కావున పాఠకులు గుర్తుంచుకొనవలసిన మొదటి సూత్రం: స్పీకర్ల ఓముల లెక్క యాంప్లిఫయరు మీద వ్రాసిన కనిష్ఠ అంకెకు ఎన్నడూ తగ్గరాదు. ఎక్కువైతే ఫరవాలేదు, ధ్వని కొంచెం తగ్గుతుంది, అంతే. మన ద్వీపాల తేమకు పాత చీటీలు చెరిగిపోవడం సహజం. అప్పుడు స్పీకరును విడదీసి మల్టీమీటరుతో కొలవండి. 8 ఓముల స్పీకరు సుమారు 6 నుండి 7 వరకు, 4 ఓములది 3కు పైచిలుకుగా చూపుతుంది. ముల్లు కదలకుంటే తీగచుట్ట తెగినట్లే.

ఇక వాట్లు. 100 వాట్ల స్పీకరును 40 వాట్ల యాంప్లిఫయరుకు తగిలించడం తప్పు కాదు. ఆ 100 అన్నది స్పీకరు భరించగల హద్దు మాత్రమే. చిన్న యాంప్లిఫయరును శక్తికి మించి అరిపించడమే తప్పు. అప్పుడు ధ్వని తరంగాల శిఖరాలు తెగిపోయి, సన్నని స్వరాలు పలికే ట్వీటరు మీద అదనపు భారం పడి అది కాలిపోతుంది. పాట గరగరమనగానే నాబ్ తగ్గించండి. పెట్టె మీద 'పి.ఎం.పి.ఓ.' అని వేలల్లో అచ్చువేసే అంకెలను నమ్మక, 'ఆర్.ఎం.ఎస్.' అని ఉన్నదానినే చూడండి. వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్లు మాత్రమే. స్పీకరు సామర్థ్యం 87 డెసిబెల్లకు బదులు 90 ఉన్నదానిని ఎంచుకొంటే, అదే యాంప్లిఫయరుతో ఆ లాభం దక్కుతుంది.

బిగించేటప్పుడు విద్యుత్తు పూర్తిగా ఆపవలెను. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు కలపండి. తీగ కొసన ఒక్క పోగు విడివడి రెండవదానికి తగిలినా షార్టు అయినట్లే. ఉప్పుగాలికి చిలుము పట్టిన కొసలను ఏటేటా కత్తిరించి క్రొత్తగా బిగించండి. యాంప్లిఫయరు మీద గుడ్డలు, దేవుని పటాలు పెట్టకుండా వేడి పోవడానికి చోటు విడవండి. కరెంటు పోయి వచ్చినప్పుడు వెంటనే వేయక, కొన్ని నిమిషాలు ఆగండి.

శ్రీ విజయపురమని 2024లో పేరు మారినా మన పోర్ట్ బ్లెయిర్‌కు చాలా విడిభాగాలు నేటికీ సముద్రం దాటి రావలసినవే. మా ట్రాన్సిస్టర్ల కోసం వారాల తరబడి ఎదురుచూశాము. ప్రధాన భూమి మీద ఒక పూట పని ఇక్కడ ఒక నెల పని. అందుచేత చదివి బిగించడం మనకు మరింత అవసరం.

ఆ స్పీకర్లకు సరిపడు క్రొత్త తీగచుట్టలు దొరకలేదు. చివరకు అదే కొలత గల 8 ఓముల స్పీకర్లు తెప్పించి, ఆ పాత పెట్టెలలోనే అమర్చి ఇచ్చాము. తండ్రిగారి గొంతు కాకపోయినా, వారి చేతులు తాకిన కొయ్య మిగిలింది. ఇప్పుడు ఉగాదినాడు ఒక్క జతతోనే పాట వింటున్నాము. ధ్వని చాలనివారు కుర్చీ కొంచెం ముందుకు జరుపుకొంటున్నారు.