కొండలో పుట్టినంత మాత్రాన నడక పందెం రాదు



మన హాస్టలుకి ఏ పెద్దమనిషి వచ్చినా ఒక మాట అంటారు. "మీరు కొండల్లో పుట్టిన పిల్లలు, నడకలో మిమ్మల్ని ఎవడు గెలుస్తాడు" అని. మనం చప్పట్లు కొడతాం. నేనూ కొట్టాను. ఆ మాట నమ్మే పోయిన ఏడాది పోటీల్లో 5 కిలోమీటర్ల నడక పందేనికి పేరు ఇచ్చాను. ప్రాక్టీసు పదిహేను రోజులు చేశాను, అంతే.

పందెం తారురోడ్డు మీద. మూడో కిలోమీటరు దాకా మూడోవాడిని. ఆ తర్వాత మోకాలి కింద, ముందు ఎముక పక్కన నొప్పి పట్టుకుంది. కాలు రాయిలాగ అయిపోయింది. నాకు తెలీకుండానే మోకాలు వంచేశాను. ముగ్గురు జడ్జీలు ఎర్రకార్డు రాశారు, నన్ను పక్కకి లాగేశారు.

నడక పందెం అంటే జోరుగా నడవడం కాదు. ఎప్పుడూ ఒక పాదం నేలకి ఆని ఉన్నట్టు జడ్జి కంటికి కనబడాలి. ముందుకి వేసిన కాలు నేల తాకిన దగ్గర్నుంచి ఒళ్ళు దాని మీదకి నిలువుగా వచ్చేదాకా మోకాలు వంగకూడదు. ఇప్పుడు చెప్పండి, కొండదారిలో మోకాలు వంచకుండా నడిచినవాడు మనలో ఎవడైనా ఉన్నాడా? ఇది మనం అమ్మానాన్నల దగ్గర నేర్చుకున్న నడక కాదు. కొత్తగా నేర్చుకోవలసిందే.

ఇంకో సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ చెబుతాను. వేసవి సెలవుల్లో చెల్లి నెత్తిన కట్టెలమోపు పెట్టుకుని ఎక్కుతుంటే, ఉత్త చేతులతో నేను వెనకపడ్డాను. మూడో తరగతిలో ఇక్కడ చేరాను. ఏడాదిలో పది నెలలు ప్రహరీ గోడ లోపలే. పడుకునే గది నుంచి భోజనాల హాలుకి 140 అడుగులు, నేనే లెక్కపెట్టాను. మన కొండ కాళ్ళు ఎప్పుడో హాస్టలు కాళ్ళు అయిపోయాయి.

అందుకే పోటీలకి ముందు పదిహేను రోజులు సరిపోవని నేనంటాను. ఊరుకున్న కాళ్ళ మీద ఒక్కసారిగా బరువు వేస్తే నొప్పే వస్తుంది. కొన్ని వారాలు మానేస్తే వచ్చిన దమ్ము కూడా పోతుంది. వానాకాలం, పరీక్షల కాలం అనకుండా ఏడాది పొడుగునా కొంచెం కొంచెం నడవాలి. మన దేశం నుంచి కె.టి. ఇర్ఫాన్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 20 కిలోమీటర్లు గంటా 20 నిమిషాల 21 సెకన్లలో నడిచి పదోవాడుగా వచ్చాడు. అంటే కిలోమీటరుకి నాలుగు నిమిషాలు. మనలో చాలామంది పరిగెత్తినా అంత పోలేరు! హోటల్లో సర్వరుగా, ఉపాధి హామీ కూలీగా పని చేసిన రాంబాబు 2023 ఆసియా క్రీడల్లో మంజూ రాణితో కలిసి 35 కిలోమీటర్ల నడకలో కాంస్యం తెచ్చాడు.

జూన్ నుంచి నేను గ్రౌండు చుట్టూ నడుస్తున్నాను. పి.ఇ.టి. మాస్టారు టేపు పెట్టి కొలిచారు, 20 చుట్లు అయితే 5 కిలోమీటర్లు. మొదట 38 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 31. నడుము ఊగుతుందని కొందరు "బాతు, బాతు" అంటున్నారు. అననీండి. సాయంత్రం స్టడీ అవర్లో ఇదివరకులాగ నిద్ర రావడం లేదు, అది చాలు నాకు.

వార్డెను గారికి ఒక విన్నపం. పొగమంచు, లారీలు అని మీరు భయపడుతున్నారు, అందులో తప్పు లేదు. వారంలో నాలుగు రోజులు గ్రౌండులోనే నడుస్తాం. ఆదివారం మాత్రం బాగా తెల్లారాక, మాస్టారు సైకిలు మీద వెంట రాగా, కల్వర్టు దాకా పోయి రానివ్వండి. పందెం రోడ్డు మీదే కాబట్టి కాళ్ళకి ఆ రోడ్డు అలవాటు కావాలి. పోటీకి వెళ్ళేవాళ్ళనే కాదు, వస్తామన్న వాళ్ళందర్నీ పంపండి.

పేర్లు రాయడానికి భోజనాల హాలు తలుపు పక్కన అట్ట కట్టాను. ఇప్పటికి నాలుగు పేర్లు ఉన్నాయి. అందులో ఒకటి నన్ను మొదట బాతు అన్నవాడిదే. బూట్లు లేనివాళ్ళూ రాయండి, గ్రౌండులో నేనూ ఉత్త కాళ్ళతోనే మొదలుపెట్టాను.

— పదో తరగతి విద్యార్థి