మూడో గేటు కూడా ప్రకృతి వైపరీత్యమేనా?



మొన్న హాస్టల్లో పెద్దవాగు గండి మాట వస్తే ఒక సార్ "ప్రకృతి ముందు ఎవరేం చేస్తారు బాబూ" అన్నారు. అక్కడ నోరు మూసుకున్నా. ఇక్కడ చెప్తా.

2024 జూలై 18. అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు మట్టికట్ట తెగింది. వాన గట్టిగానే పడింది, కాదనను. కానీ ఉన్న గేట్లు మూడు, లేచినవి రెండు.

మా తాత బడికి పోలేదు గానీ ఇది ఆయనకీ తెలుసు: మట్టికట్ట నిండొచ్చు, పొర్లకూడదు. నీళ్ళు కట్ట నెత్తి దాటితే అవతలి వాలు కోసుకుపోయి కట్టే కరిగిపోతది. అందుకే అలుగు, అందుకే గేట్లు. అవి పనిచేయకపోతే వరదని ఆపాల్సిన కట్టే వరదని పోగేసి ఒక్కసారిగా మన మీదికి వదుల్తది.

కట్ట తెలంగాణలో. ఆయకట్టు ఎక్కువ భాగం ఆంధ్రాలో, కుక్కునూరు, వేలేరుపాడు వైపు. 2014లో ఆ గీత గీసేటప్పుడు మనల్ని అడిగారా? రిపేరు ఖర్చు నీదంటే నీదని పేచీ వాళ్ళది, పొలాల్లో ఇసుక మేటలు మనవి. పట్టా లేని పోడు చెక్కలో పడ్డ ఇసుకని ఏ లిస్టులో రాస్తారు సార్?

1996 పెసా చట్టం ప్రకారం మన ఏరియాల్లో చిన్న చెరువుల నిర్వహణ పంచాయతీలదే. సెలవులకి ఊరెళ్తున్నారుగా, మీ చెరువు కట్టెక్కండి. చెట్లు మొలిచాయా, ఎలకబొక్కలున్నాయా, తూము షట్టరు తిరుగుతుందా చూడండి. ఫోటోలు గ్రామసభ ముందు పెట్టి తీర్మానం రాయించండి. వానలకి ముందే.