నాన్నగారి వైద్యము: నిర్ణయ మెవరిది?



దిల్‌సుఖ్‌నగరము దాటిన పిమ్మట వచ్చు అల్మాస్‌గూడనుండి యొక చెల్లెలు జాబు వ్రాసినది. ఆమె తండ్రిగారికి 76 ఏండ్లు. రెండేండ్ల క్రిందట నొప్పి లేకుండనే మూత్రములో రక్తము పడెను. మూత్రాశయములో రాచపుండని తేలినది. గొట్టము లోనికి పంపి గడ్డను గోకి తీసి, ఆరు వారములు మందు పోసిరి. ఏడాది తిరుగకమునుపే వ్యాధి తిరిగి వచ్చినది. మరల గోకిరి, మరల మందు పోసిరి. ఇప్పుడిది మూడవమారు. మూత్రాశయమునే తీసివేయుట మేలని వైద్యులనుచున్నారు. అమెరికాలోనున్న అన్నగారు "ఆలస్యము చేయక ఆపరేషను చేయింపుము" అని ఫోనులో తొందరపెట్టుచున్నారు. అమ్మగారు కన్నీరు కార్చుచున్నారు. నాన్నగారు మాత్రము, "కడుపుమీద సంచి కట్టుకొని దేవునియెదుట ఎట్లు కూర్చుందునమ్మా?" అని యొక్కమాట యడిగి యూరకుండిరట. "అక్కగారూ, నేనేమి చేయుదును?" అని యామె ప్రశ్న.

చెల్లీ, ముందుగా వ్యాధి స్వభావము తెలిసికొనుము. మూత్రాశయమునకు లోపల మెత్తని పొరయు, దాని వెలుపల కండయు గలవు. వ్యాధి పొరలోనే యున్నదా, కండలోనికి దిగినదా యన్నదే మొదటి ప్రశ్న. పొరలోనున్నదానిని గోకి తీయవచ్చును. కాని యది మరల మొలచు గుణము గలది. అందుచేతనే మూడేసి నెలలకొకమారు సన్నని దుర్భిణి లోనికి పంపి చూచుచుందురు. రెండవ ప్రశ్న, గడ్డ యుగ్రమైన జాతిదా, మెల్లగా పెరుగు జాతిదా యన్నది. ఈ రెండును పరీక్షా పత్రములో వ్రాసియుండును. ఆ కాగితము నాన్నగారి పెట్టెలో మూలపడనీయక చేతనుంచుకొనుము.

నాన్నగారికి పోసిన మందు బి.సి.జి. అని వ్రాసితివి. మన బిడ్డలకు పుట్టగనే భుజమునకు పొడుచు క్షయటీకాయే యది. 1921లో ఫ్రాన్సు దేశమున దానిని మొదటిసారి శిశువునకిచ్చిరి. 1976లో కెనడా వైద్యుడు ఆల్వారో మొరాలెస్ మూత్రాశయపు గడ్డలకు దానిని వాడి ఫలితము ప్రకటించెను. అది తానుగా గడ్డను చంపదు. దేహములోని కావలివాండ్రను మేలుకొలిపి వ్యాధిమీదికి పంపును. అయితే రెండుమారులు పోసినను లొంగని యుగ్రజాతి గడ్డకు మూడవమారు పోసినందున ప్రయోజనము స్వల్పము. వ్యాధి కండలోనికి దిగకమునుపే మూత్రాశయమును తీసివేయుదమని వైద్యులనుటకు కారణమిదియే. వారి మాట తొందరపాటు కాదు.

నాన్నగారి భయమును గూడ తేలికగా చూడరాదు. ఆపరేషనులో చిన్నప్రేగు ముక్కను వేరుచేసి, దానిగుండ మూత్రము బొడ్డుకు కుడిప్రక్క క్రిందుగా వెలికి వచ్చునట్లు చేయుదురు. 1950లో బ్రికర్ అను అమెరికా వైద్యుడు వివరించిన పద్ధతి యిది. సంచి చర్మమునకంటుకొని పంచె మాటున నుండును. దినమునకు కొన్నిమారులు దానిని ఖాళీచేసి, కొన్నిదినములకొకమారు మార్చవలెను. సరిగా నంటించిన సంచి కారదు, వాసన రాదు. స్నానము చేయవచ్చును, ప్రయాణము చేయవచ్చును, పూజకు కూర్చుండవచ్చును. దేహము చేయు పనిని సంచి చేయుచున్నదేకాని మడికి భంగమేమి? ఈ మాట నీవు చెప్పుటకంటె, అట్టి సంచి ధరించి తిరుగుచున్న పెద్దమనిషి యొకరు చెప్పిన నాన్నగారికి నమ్మకము కలుగును. అట్టివారితో మాటలాడించుమని వైద్యులనడుగుము.

అయినను ఆపరేషను పెద్దది. గుండె, మూత్రపిండములు తట్టుకొనునో లేదో ముందు చూడవలెను. కోలుకొనుటకు వారములు, ఒక్కొక్కరికి నెలలును పట్టును. శరీరము తాళదన్నను, నాన్నగారు వలదన్నను వేరు త్రోవలు లేకపోలేదు. జెమ్‌సిటాబిన్, డోసెటాక్సెల్ అను మందులను మూత్రాశయములో పోయుదురు. వ్యాధి కండలోనికి దిగినచో కొందరికి మందుతోపాటు కిరణచికిత్స చేసి మూత్రాశయమును నిలుపుదురు. ఆ దశలో రక్తములోనికిచ్చు మందులలో మెథోట్రెక్సేటు ఒకటి. భీమవరమున 1895లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలో రూపొందిన మందది. ఏ త్రోవయు వలదనుకొన్నచో నొప్పిని, రక్తస్రావమును అణచు ఉపశమన వైద్యము గలదు. అది చేతులెత్తివేయుట కాదు.

ఇక నిర్ణయ మెవరిది? నా యనుభవమొకటి చెప్పెదను. మా మామగారికి రాచపుండు వచ్చినపుడు మేమందరము కూడబలుకుకొని "అల్సరు" అని చెప్పితిమి. ఆయన మా ముఖములు చూచి గ్రహించిరి. గ్రహించియు మా కొరకై తెలియనట్లు నటించిరి. కడపటి నాలుగు నెలలు ఆయన మమ్మును, మేమాయనను మోసగించుకొంటిమి. తాను చూడగోరిన యూరేదో, అత్తగారితో చెప్పదలచిన మాటయేదో అడుగువారు లేక వెళ్లిపోయిరి. ఆ బాధ నాకు నేటికిని తీరలేదు.

అక్కినేని నాగేశ్వరరావుగారు సుమారు తొంబదేండ్ల ప్రాయమున, 2013 అక్టోబరులో, తమకు ప్రేగులలో క్యాన్సరు వచ్చినదని తామే పత్రికలవారిని పిలిచి చెప్పిరి. 2014 జనవరి 22న కన్నుమూయువరకు "మనము" చిత్రపు పనిని విడువలేదు. వృద్ధులు సత్యమును భరింపలేరని మనమనుకొందుము. తరచుగా భరింపలేనివారము మనమే.

కావున, చెల్లీ, ఒక సాయంకాలము నాన్నగారి దగ్గర కూర్చుండి యడుగుము: "నాన్నగారూ, మీకన్నిటికంటె ముఖ్యమైనదేది? ఎక్కువకాలముండుటయా, మీ పనులు మీరు చేసికొనుటయా, ఆసుపత్రికి దూరముగ నుండుటయా?" ఆయన చెప్పినది వ్రాసికొని వైద్యునియొద్దకు తీసికొనిపొమ్ము. అక్కడ నాలుగు ప్రశ్నలడుగుము. ఆపరేషను చేసిన లాభమేమి, ప్రమాదమేమి? చేయనిచో రానున్న యేడాది యెట్లుండును? ఈ వయస్సువారికి మీరెందరికి చేసితిరి? మా నాన్నగారే మీ తండ్రియైన మీరేమి చేయుదురు?

రెండవ వైద్యుని యభిప్రాయము తీసికొనుట మొదటివారికి అవమానము కాదు. 1955లో నెలకొన్న ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి లక్డీకాపూల్ దగ్గరను, నిమ్స్ పంజగుట్టలోను గలవు. ఎల్.బి.నగర్‌లో మెట్రోరైలెక్కిన రెండును ఒకే దారిలో వచ్చును. ఆరోగ్యశ్రీ కార్డున్నచో ఏ చికిత్స దాని క్రిందికి వచ్చునో ముందుగనే విచారింపుము. అన్నగారితో, "సలహాతోపాటు పదిదినముల సెలవు కూడ పంపుము, అన్నయ్యా" యని చెప్పుటకు సంకోచింపకుము. సంచి మార్చునది, రాత్రి మేల్కొనునది నీవేకదా!

నాన్నగారు ఆపరేషనుకు సమ్మతించిన ధైర్యముతో చేయింపుము. అన్నియు తెలిసికొనిన పిమ్మట వలదనిన, ఆ మాటను మన్నింపుము. చిన్ననాడు నీ చేయి పట్టుకొని నడిపించిన యాయన, నేడు నీ చేయి పట్టుకొన్నను, ఏ దారిన పోవలెనో తానే చెప్పదగినవారు. ఆయన యేమనిరో మరల నాకు వ్రాయుము.