రెండు చక్రాల విద్య – మూడు చక్రాల విద్య

చక్రాల సంఖ్య పెరిగినకొద్దీ భద్రత పెరుగుతుందనే అభిప్రాయం మన సమాజంలో బలంగా నాటుకొని ఉన్నది. రెండు చక్రాల బండి పడిపోతుంది, మూడు చక్రాల బండి తనంతట తాను నిలబడుతుంది. కనుక మోటారు సైకిలు నడపగలవానికి మూడు చక్రాల బండి ఒక లెక్కలోనిది కాదని పెద్దలు, పిన్నలు ఒకే కంఠంతో అంటారు. నిలిచి ఉన్న బండి విషయంలో ఈ మాట సత్యమే. కదులుతున్న బండి విషయంలో మాత్రం ఇది అర్ధసత్యం. అర్ధసత్యాల వలన పరీక్షలో పోయేవి మార్కులు. రహదారిపై పోయేవి ప్రాణాలు. రెండు చక్రాల విద్య వేరు, మూడు చక్రాల విద్య వేరు. ఒకదానినుండి మరొకదానికి మారేవాడు ఎంతటి అనుభవశాలియైనా మరల విద్యార్థి కావలసినదేనని ఈ వ్యాసంలో నా మనవి.

ఇది ఏ కొద్దిమందికో సంబంధించిన విషయమని పాఠకులు భావించరాదు. పగలంతా ఆటో నడిపి సాయంత్రం మోటారు సైకిలుపై ఇల్లు చేరే శ్రమజీవులు మన పట్టణాలలో ఎందరో ఉన్నారు. పోలియో సోకిన కాలితో, పక్క చక్రాలు అమర్చిన స్కూటరుపై ఉద్యోగానికో కళాశాలకో వెళ్ళి వచ్చేవారు మనకు నిత్యం ఎదురవుతూనే ఉంటారు. మన దేశంలో వైల్డ్ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో నమోదైనది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో రహితంగా ధ్రువీకరించినది. వ్యాధి తొలగినది గాని, ఆ వ్యాధి తాకిడికి గురియైన తరం మన మధ్యనే ఉన్నది. వారి స్కూటర్లు మన వీథులలోనే తిరుగుతున్నవి. అక్కగారి పక్క చక్రాల స్కూటరును అవసరానికి తీసుకొని బజారుకు బయలుదేరే తమ్ముడు కూడా ఆ పది నిమిషాలకు ఈ సమస్యలో భాగస్వామియే. ఆ స్కూటరుకు లెక్కప్రకారం నాలుగు చక్రాలున్నా, వాడుకలో అది మూడు చక్రాల బండియే. నడకలో సైతం ఆ కుటుంబానికి చెందినదే.

ఈ భ్రమకు ఒక చారిత్రక కారణం కూడ కలదు. ఇటలీలోని పియాజియో సంస్థ 1946లో వెస్పా స్కూటరును, 1948లో ఆపే అనే మూడు చక్రాల బండిని వెలువరించినది. రెండింటి రూపశిల్పి ఒక్కరే – విమానాల నిర్మాణంలో ఆరితేరిన కొరాడినో దాస్కానియో. ఆ రెండు బండ్లే బజాజ్ సంస్థ ద్వారా మన దేశంలో పాదం మోపినవి. తరువాత 1972లో వచ్చిన చేతక్ స్కూటరు గాని, మన వీథులలోని ఆటో గాని ఆ వంశవృక్షపు కొమ్మలే. రెండింటికీ చేతితో పట్టుకొనే హ్యాండిలే. రెండింటిలో ఎడమచేతి పిడిని తిప్పి గేరు మార్చడమే. చూపునకు అన్నదమ్ముల వలె కనిపిస్తూ స్వభావంలో పరస్పర విరుద్ధమైన ఈ రెండు బండ్లు మనలను మోసగించుటలో ఆశ్చర్యమేమున్నది?

ఆ స్వభావ భేదమేమిటో కొంచెం వివరింపవలసి ఉన్నది. రెండు చక్రాల బండి మలుపులో ఒరుగుతుంది. ఒరగనిదే తిరుగదు. నెమ్మదిగా, మనిషి నడక వేగంతో పోయేటప్పుడు హ్యాండిలును ఎటు తిప్పితే బండి అటు పోతుంది. వేగం పెరిగిన పిదప వ్యవహారం తారుమారవుతుంది. కుడికి తిరగదలచినవాడు కుడిచేతి పిడిని ముందుకు నెట్టుతాడు. దానితో ముందు చక్రం క్షణకాలం ఎడమకు మళ్ళుతుంది. బండి కుడికి ఒరుగుతుంది. ఆ ఒరుగుదల వెంట కుడికి తిరుగుతుంది. విచిత్రమేమనగా, ఈ పని చేసే లక్షలాది ప్రజలలో తాము దీనిని చేస్తున్నామని ఎరిగినవారు స్వల్పం. విమాన నిర్మాతగా ప్రసిద్ధి గాంచకముందు సైకిళ్ళ వ్యాపారం చేసిన విల్బర్ రైట్ ఈ రహస్యాన్ని గమనించాడు. ఎడమకు ఎలా తిరుగుతారని ఆయన ఎందరో సైకిలు స్వారులను అడిగి చూచాడు. మొదట హ్యాండిలును కుడికి కదలిస్తామని ఒక్కరూ చెప్పలేదట! చేతికి తెలిసినది మనస్సుకు తెలియలేదన్నమాట.

మూడు చక్రాల బండి ఒరగదు. దాని ముందు చక్రం ఎటు చూస్తే అది అటే పోతుంది, ఎంత వేగంలోనైనా సరే. ఇప్పుడు ఏళ్ళ తరబడి మోటారు సైకిలు నడిపినవానిని ఈ బండిపై కూర్చోబెట్టి చూడండి. దారి సాఫీగా ఉన్నంతవరకు అతడు నెగ్గుకొని రాగలడు. అకస్మాత్తుగా ఎడమవైపునుండి ఒక బాలుడు అడ్డం వస్తే? కుడికి తప్పుకొందామని అతని చేయి, ఆలోచనకంటె ముందుగా, అలవాటు ప్రకారం కుడి పిడిని ముందుకు నెట్టుతుంది. బండి ఎడమకు, ఆ బాలునివైపే, పోతుంది. ఇందులో అతని అజాగ్రత్త లేదు, మద్యం లేదు, అతివేగం లేదు. ఉన్నదల్లా చేతిలో పాతుకొన్న పాత విద్య.

మలుపులో కూడ ఇట్టి చిక్కే. ఒరిగే బండి తన బరువును తానే సరిచూసుకొంటుంది. ఒరగని బండిని మలుపు బయటికి తోస్తుంది. లోపలి చక్రం నేలను విడువజూస్తుంది. ఆటోవంటి బండికి ముందు ఒక్క చక్రమే గనుక, మలుపులో బ్రేకు వేస్తే బరువంతా ముందుకు, పక్కకు – అనగా చక్రమే లేని మూలకు – పోయి బండి బోల్తాపడే ప్రమాదమున్నది. కావున మలుపునకు ముందే వేగం తగ్గించడం మూడు చక్రాల విద్యలో మొదటి పాఠం. పక్క చక్రాల స్కూటరుకు మరొక ఇబ్బంది. అడ్డంగా ఉన్న గుంతలో పక్క చక్రాలు రెండు గట్టునకు ఆనినప్పుడు, నడుమనున్న అసలు చక్రం తేలికపడుతుంది. బండిని నడిపేది, వెనుక బ్రేకు పట్టేది ఆ చక్రమే.

ఇటునుండి అటు మారేవాని కష్టం కూడ తక్కువది కాదు. మూడు చక్రాలకు అలవాటుపడినవాడు మోటారు సైకిలును కూడలిలో ఆపి, కాలు నేలకు ఆనించడం మరచి, నిలిచిన బండితో సహా పక్కకు ఒరిగిపోతాడు. మోటారు సైకిలునుండి వచ్చినవాడు దీనికి విరుద్ధంగా, మూడు చక్రాల బండి మెల్లగా కదులుతుండగానే కాలు కిందికి దించుతాడు. వెనుకనుండి వచ్చే పక్క చక్రం ఆ పాదంపై ఎక్కుతుంది. స్పీడ్ బ్రేకరు అంచున మిగిలిన సందులోనుండి జారిపోవడం మన ద్విచక్ర వాహనదారులకు చేతనైన గారడీ. ఆ గారడీ మూడు చక్రాలకు చెల్లదు. వెనుక చక్రాల వెడల్పు కంటికి కనబడదు. దానిని మనస్సులో కొలుచుకోవలసినదే.

ఈ కళాశాల విద్యార్థులకు ఇందుకు ఉపమానం వెదకి చెప్పవలసిన పనిలేదు. మీ చేతి సంచిలోనే ఉన్నది. ఉర్దూ కుడినుండి ఎడమకు సాగుతుంది. తెలుగు ఎడమనుండి కుడికి సాగుతుంది. ఒక నోటు పుస్తకపు మొదటి పుట మరొక నోటు పుస్తకపు చివరి పుట. ఉర్దూ వాక్యం మధ్యలో ఒక సంఖ్య వచ్చినప్పుడు అదే చేయి తిరిగి ఎడమనుండి కుడికి వ్రాస్తుంది. ఇవన్నీ తడబాటు లేకుండ సాగుతున్నవంటే, రెండు లిపులను రెండు విద్యలుగా, వేర్వేరు ఉపాధ్యాయుల వద్ద, ఓపికతో దిద్దుకొన్నందువలననే. ఉర్దూ వచ్చినవానికి తెలుగు వ్రాత దానంతటదే వస్తుందని ఎవరైనా అంటే మనం నవ్వుతాము. మోటారు సైకిలు వచ్చినవానికి మూడు చక్రాల బండి దానంతటదే వస్తుందంటే మాత్రం తల ఊపుతాము! అభ్యాసం కూసు విద్య అన్నారు మన పెద్దలు. ఏ విద్యకు ఆ అభ్యాసమే కావలెను.

చట్టం ఈ భేదాన్ని ఎంతవరకు గుర్తించినది? 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఆటోకు, మోటారు సైకిలుకు వేర్వేరు తరగతుల లైసెన్సులు నిర్దేశించినది. దివ్యాంగుల వాహనానికీ ప్రత్యేక తరగతి ఉన్నది. 2019 సవరణ దాని నిర్వచనాన్ని విస్తరించి, మార్పులు చేసిన సాధారణ వాహనాలను కూడ అందులో చేర్చినది. ఇది హర్షణీయం. ఐతే అదే చట్టం సైడ్‌కారు తగిలించిన బండిని మోటారు సైకిలుగానే లెక్కిస్తుంది. ఒకప్పుడు హైదరాబాదు వీథులలో స్కూటరుకు సైడ్‌కారు తగిలించుకొని ఆలుబిడ్డలతో సాగిపోయే గృహస్థులు తరచుగా కనిపించేవారు. నేడు వారు అరుదు. ఆ బండి నడిపినవారిని అడగండి – బయలుదేరేటప్పుడు అది ఎడమకు గుంజుతుంది, బ్రేకు వేసినప్పుడు కుడికి గుంజుతుంది, సైడ్‌కారు ఖాళీగా ఉంటే ఎడమ మలుపులో పైకి లేవజూస్తుంది. మోటారు సైకిలు లక్షణం ఒక్కటైనా ఇందులో ఉన్నదా?

పరీక్ష సంగతి మరింత ఆలోచింపదగినది. ద్విచక్ర వాహనపు లైసెన్సుకు 8 అంకె ఆకారపు దారిలో బండి నడిపించి చూడడం మన వాడుక. ఆ దారిలో పోయేది నడక వేగమే. నిలకడకు అది మంచి పరీక్షయే గాని, వేగంలో పిడిని నెట్టి తప్పుకొనే విద్య అక్కడ అక్కరకు రాదు. ప్రాణం కాపాడే విద్య పరీక్షకే రాకపోతే, అది మరొక బండిపై ఎలా ఎదురుతిరుగుతుందో అభ్యర్థికి ఎవరు చెప్పాలి?

ఇతర దేశాలలో ఈ విషయమై కొంత కదలిక ఉన్నది. బ్రిటనులో కారు లైసెన్సుతోనే మూడు చక్రాల మోటారు సైకిలు నడపనిచ్చే పద్ధతిని 2013 జనవరి 19నుండి మార్చి, క్రొత్తగా నేర్చేవారికి మోటారు సైకిలు తరగతి పరీక్షను విధించారు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మూడు చక్రాల మోటారు సైకిలుకు ప్రత్యేకమైన అనుమతి కావలెను. ఐనను అక్కడ కూడ లెక్క చక్రాలతోనే. 2006లో వచ్చిన పియాజియో ఎం.పి.3 అనే బండికి ముందు రెండు చక్రాలుండి, అవి మలుపులో మోటారు సైకిలు వలెనే ఒరుగుతాయి. దానిని నడపడం రెండు చక్రాల విద్యయే. అట్టి బండిలో ముందు చక్రాల నడిమి దూరం 460 మిల్లీమీటర్లు ఉన్నట్లయితే కొన్ని యూరపు దేశాలలో కారు లైసెన్సు చాలును! కావున అడుగవలసిన ప్రశ్న చక్రాలెన్ని అని కాదు. బండి ఒరుగుతుందా, ఒరగదా అని.

ఈ చర్చలో గౌరవానికి సంబంధించిన అంశం కూడ ఇమిడి ఉన్నది. పక్క చక్రాలున్న స్కూటరును చిన్నపిల్లల సైకిలుతో పోల్చి నవ్వే యువకులున్నారు. "ఆ చక్రాలు తీసివేసి నడపరాదా?" అని ప్రోత్సాహం పేరిట రెచ్చగొట్టే మిత్రులున్నారు. ఆ మాటలు విని, చాలినంత బలం లేని కాలిని నమ్ముకొని, ఒక్కసారి చక్రాలు విప్పించుకొనే విద్యార్థికి జరుగరానిది జరిగితే ఆ నవ్వినవారు బాధ్యత వహిస్తారా? ఒరగని బండిని గతుకుల దారిలో, ఇరుకు సందులలో, భుజబలంతో మళ్ళించుకొని వచ్చేవాడు మనకంటె కష్టమైన విద్యను అభ్యసించినవాడు. అతడు జాలికి గాక గౌరవానికి పాత్రుడు. మోటారు సైకిలు పట్టేంత సందు మాత్రమే విడిచి గేటును మూసే సంస్థలు సైతం ఈ సంగతి జ్ఞాపకముంచుకోవలసి ఉన్నది.

శిక్షణలు, పరీక్షలు పెంచితే పేదవానికి ఖర్చు పెరుగుతుందని కొందరు ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపణను తోసిపుచ్చలేము. అందుచేతనే నేను కోరేది క్రొత్త రుసుములను, క్రొత్త కాగితాలను కాదు. మన రెండు తెలుగు రాష్ట్రాలలో ప్రభుత్వాలు దివ్యాంగులకు మోటారు వాహనాలు అందజేయడం శ్లాఘనీయం. ఆ వాహనంతో పాటు అది పొందినవానికి, అతని ఇంటిలో దానిని తాకే ప్రతివానికి కొన్ని దినాల అభ్యాసం ఉచితంగా కల్పించవలెను. రవాణా శాఖ లైసెన్సు ఇచ్చే ముందు ఈ భేదాన్ని బొమ్మలతో, సులభమైన తెలుగులోను ఉర్దూలోను వివరించవలెను. ఆటో డ్రైవర్ల సంఘాలు తమ సభ్యులకు ఒక ఆదివారం ఇందుకు కేటాయించవచ్చును. వీటికయ్యే ఖర్చు ఒక కుటుంబం ఆసుపత్రిలో పెట్టే ఖర్చుకు ఏపాటిది?

విద్యార్థులారా! ఇతరుల బండి తీసుకొన్నప్పుడు తాళం చెవితో పాటు దాని స్వభావాన్ని కూడ అడిగి తెలిసికొనండి. మొదట ఖాళీ మైదానంలో, మెల్లగా, కుడికి ఎడమకు తిప్పి చూడండి. బ్రేకు వేసి ఆపి చూడండి. చేయి తికమకపడుతున్నదని గ్రహించినప్పుడు సిగ్గుపడక దిగి, ఆ బండి సొంతదారుని గురువుగా భావించి ఉపదేశం పొందండి. ఒక విద్యలో పండితుడైనవాడు మరొక విద్య ముందు బాలుడై కూర్చోగలగడమే వినయం. ఆ వినయం రహదారిపై ప్రాణరక్షణ కూడ.