పండాల్‌లో పగటి దోమ

దసరా సెలవులకు కోల్‌కతా ప్రయాణం కట్టిన తెలుగు కుటుంబం సామానులో ఏమేం ఉంటాయో ఊహించడం కష్టమేమీ కాదు. కొత్త బట్టలు, కెమెరా, రైల్లోకి పులిహోర, జంతికలు, జ్వరానికీ అజీర్తికీ నాలుగు మాత్రలు. దోమల కోసం ప్లగ్గుకు తగిలించే మందు సీసా ఒకటి. పడుకునే ముందు స్విచ్ వేస్తే పని అయిపోయినట్టేనని నమ్మకం. సరిగ్గా అక్కడే పొరపాటు జరుగుతోంది. దుర్గాపూజ రోజుల్లో కోల్‌కతాలో భయపడాల్సిన దోమ రాత్రయ్యేదాకా ఆగదు. పొద్దున హోటల్ బాల్కనీలో టీ తాగుతుండగానో, సాయంత్రం పండాల్ ముందు క్యూలో నిలబడినప్పుడో పాదాల దగ్గర చేరి పని కానిచ్చేస్తుంది.

డెంగ్యూను మోసే ఈడిస్ దోమ అది. ఒంటి మీద నల్లటి, తెల్లటి చారలుంటాయి. చప్పుడు తక్కువ. సూర్యోదయం తర్వాత రెండు మూడు గంటలు, సూర్యాస్తమయానికి ముందు కొన్ని గంటలు దానికి బాగా ఆకలి. వెలుతురున్న గదుల్లో పొద్దుపోయాక కూడా కుట్టగలదు. పైగా ఒక్కరి దగ్గరే కడుపు నింపుకునే రకం కాదు. కదిలిస్తే లేచిపోయి పక్కవాడి మీద వాలుతుంది. అందుకే ఒక ఇంట్లో ఒకరికి డెంగ్యూ వస్తే, వారం తిరక్కుండా మరో ఇద్దరు మంచమెక్కడం సాధారణం.

పూజకూ ఈ దోమకూ ముహూర్తం కలవడమే అసలు చిక్కు. దుర్గాపూజ సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో వస్తుంది. వానలు వెనక్కి మళ్లే కాలమది. డెంగ్యూ ఉధృతంగా ఉండే కాలమూ అదే. కోల్‌కతా దుర్గాపూజకు 2021లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చోటు దక్కింది. ఆ వైభవమంతా మొదట నిలబడేది వెదురు బొంగుల మీద. పండగకు ఎన్నో వారాల ముందే, వానలు పడుతుండగానే, వీధుల్లో వెదురు కట్టడాలు లేస్తాయి. కోసిన బొంగు పైకొస చిన్న గ్లాసు లాంటిది. వాన పడితే నిండుతుంది. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి ఈ వాతావరణంలో వారం పది రోజులు చాలు. బొంగుల కొసలను ఇసుకతోనో గుడ్డతోనో మూసేయాలని నగరపాలక సంస్థ పూజా కమిటీలకు చెబుతుండేది అందుకే. తాగి పారేసిన మట్టి టీ కప్పులు, కొబ్బరి బొండాల డొప్పలు, పాత టైర్లు కూడా ఈ కోవలోనివే. ఈ దోమకు చెరువు అక్కర్లేదు. చెంచాడు మంచినీళ్లు దొరికితే సంసారం పెట్టేస్తుంది.

దోమ గుట్టు రట్టు చేయడంలో ఈ నగరానికి పెద్ద వాటాయే ఉంది. అందులో తెలుగు నేలకూ భాగముంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశారు. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమతెరలో పడుకోబెట్టి, లోపలికి దోమలను వదిలి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ముట్టజెప్పారు. మరుసటి ఏడాది ఆయన కోల్‌కతాకు బదిలీ అయ్యారు. ప్రెసిడెన్సీ జనరల్ ఆస్పత్రి ఆవరణలోని చిన్న ప్రయోగశాలలో పక్షుల మీద పరీక్షలు జరిపి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి కాటుతో మరో పక్షికి ఎక్కుతోందని తేల్చారు. మనుషుల విషయంలోనూ అంతేనని ఇటలీ శాస్త్రవేత్తలు ఆ తర్వాత నిరూపించారు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. సికింద్రాబాద్‌లో ముడి పడిన కథ కోల్‌కతాలో విడిందన్నమాట. ఇప్పటికీ సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్కి హౌరాలో దిగే ప్రయాణికుడు తెలియకుండానే రాస్ అడుగుజాడల్లో నడుస్తున్నట్టే.

అయితే రాస్ చెప్పిన పాఠం నగరానికి సగమే పనికొచ్చింది. మలేరియా దోమ అనాఫిలిస్ రాత్రిపూట కుడుతుంది. దానికి దోమతెర మంచి జవాబు. బెంగాలీ ఇళ్లలో మశారీ, అంటే దోమతెర, కట్టుకుని పడుకోవడం పాత అలవాటు. కానీ 1963-64లో కోల్‌కతాను రక్తస్రావంతో కూడిన డెంగ్యూ కుదిపేసింది. దేశంలో ఆ తరహా జ్వరం పెద్ద ఎత్తున విరుచుకుపడటం అదే మొదలు. పొద్దున్నే మశారీ విప్పి మడిచి పెట్టాక మొదలయ్యే ప్రమాదం అది. పాత అలవాటు దానిముందు చాల్లేదు. అలాగని రాత్రి దోమ పారిపోలేదు. మలేరియాను మోసే నగరపు అనాఫిలిస్ మేడల మీది నీళ్ల ట్యాంకుల్లో, బావుల్లో పెరుగుతుంది. అందుకే కోల్‌కతాలో కాటు తప్పించుకోవాలంటే రెండు పూటలా కాపలా కాయాలి.

కాపలాకు ఖరీదైన సరంజామా ఏమీ అక్కర్లేదు. డీట్ లేదా పికారిడిన్ ఉన్న క్రీమో స్ప్రేనో పొద్దున బయల్దేరేటప్పుడే రాసుకోవాలి. ఎండకు రాసుకునే క్రీమ్ ఉంటే అది ముందు, దోమల క్రీమ్ తర్వాత. కోల్‌కతా ఉక్కపోతకు చెమటతో పాటు అదీ కారిపోతుంది గనుక డబ్బా మీద రాసిన గడువు ప్రకారం మళ్లీ రాయాలి. చాలామంది చేతులకూ మెడకూ రాసి పాదాలను మరిచిపోతారు. చీర, చెప్పులతో క్యూలో నిలబడేవారికి ముందు కావాల్సింది మడమల దగ్గరే. పసిపిల్లలకు ఏది రాయవచ్చో డాక్టర్ను అడగడం మేలు. ఏది రాసినా పిల్లల అరచేతులకు వద్దు, అవి నోట్లోకి వెళ్తాయి. లేతరంగు పొడుగు చేతుల నూలు బట్టలు, సాక్సులు సగం పని చేసిపెడతాయి. హోటల్ గదిలో దిగగానే పూలకుండీ, బాత్‌రూమ్ మూలన నీళ్లు నిలిచిన బకెట్ చూసి ఒంపేయాలి. ఫ్యాన్ జోరుగా తిరుగుతుంటే దోమ గాలికి నిలవలేదు. మధ్యాహ్నం నిద్రపోయే పసివాడికీ దోమతెర కావాలి. మూసిన గదిలో కాయిల్ వెలిగిస్తే పొగ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. వెల్లుల్లి తినడం, బి విటమిన్ మాత్రలు, చెవికి వినపడని శబ్దంతో దోమలను తరుముతామనే పరికరాలు సంచీలో బరువుకే తప్ప దేనికీ కాదు.

ఇది మన దేశానికే పట్టిన పీడ అనుకోవడమూ తప్పే. నీలి సముద్రం, తెల్లటి ఇళ్ల కోసం గ్రీసు ద్వీపాలకు వెళ్లే పర్యాటకులూ ఇలాంటి క్రీములే సర్దుకుంటారు. 1974 నాటికి మలేరియాను తరిమేసిన ఆ దేశంలో 2010లో వెస్ట్ నైల్ జ్వరం విజృంభించింది. మరుసటి ఏడాది దక్షిణ ప్రాంతంలోని ఎవ్రోటాస్‌లో స్థానికంగానే మలేరియా వ్యాపించింది. నీళ్ల మీద నిఘా సడలితే దోమ పాస్‌పోర్టు చూపించకుండానే తిరిగొస్తుంది.

నిఘా అనేది రాజకీయంగా లాభసాటి బేరం కాకపోవడమే కోల్‌కతా అసలు సమస్య. వీధిలో పొగ యంత్రం తిరిగితే జనం చూస్తారు, ఫొటోలు వస్తాయి. ఆ పొగ చంపేది ఆ క్షణాన ఎగురుతున్న దోమలనే. నీళ్లలోని పిల్లలు మర్నాడు రెక్కలు తొడుక్కుంటాయి. తాళం వేసిన ఇంటి మేడ మీదికి, ఎవరిదో తేలని ఖాళీ స్థలంలోకి, ఆగిపోయిన అపార్ట్‌మెంటు పునాది గుంటలోకి వారం వారం వెళ్లి చూసే ఉద్యోగిని ఎవరూ గమనించరు. కాట్లను నిజంగా తగ్గించేది మాత్రం అతనే. 2017లో బెంగాల్‌లో డెంగ్యూ మరణాల లెక్కలే వివాదమయ్యాయి. ‘తెలియని జ్వరం’ అనే మాట పత్రికలకెక్కింది. జ్వరానికి పేరు పెట్టడానికే తటపటాయిస్తే దోమను వెతకడం ఇంకా ఆలస్యమవుతుంది.

పర్యాటకుడికి ఇందులో పాత్ర లేదనుకుంటే పొరపాటు. డెంగ్యూ దోమ కుట్టాక జ్వరం బయటపడటానికి నాలుగు నుంచి పది రోజులు పడుతుంది. అష్టమి నాడు కోల్‌కతాలో పడిన కాటు, పండగ ముగిసి ఇల్లు చేరాక విజయవాడలోనో వరంగల్‌లోనో జ్వరమై పలుకుతుంది. ఆ రోజుల్లో సొంత వీధిలోని ఈడిస్ దోమ ఆ రోగిని కుడితే కథ కొత్త ఊళ్లో మొదలవుతుంది. వేల కిలోమీటర్లు ఎగరలేని దోమకు మనిషే రైలు టికెట్ కొనిపెడుతున్నాడు. కాబట్టి తిరిగొచ్చిన రెండు వారాల్లో జ్వరం తగిలితే, కోల్‌కతా వెళ్లొచ్చిన సంగతి డాక్టర్‌కు మొదటి మాటగా చెప్పాలి. డెంగ్యూతో పాటు మలేరియా పరీక్షా చేయించాలి. ఒక రకం మలేరియా కాలేయంలో దాక్కుని నెలల తర్వాత కూడా లేస్తుంది. నొప్పులకు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ మింగకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పారాసిటమాల్, తగినన్ని ద్రవాలు, డాక్టర్ పర్యవేక్షణ ఉండాలి. జ్వరం తగ్గే రోజుల్లోనే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. అంతవరకూ పగలైనా రోగి దోమతెరలోనే పడుకోవాలి. ఆ తెర కాపాడేది రోగిని కాదు, ఇంట్లో మిగిలినవాళ్లను.

కోల్‌కతాలో రాస్ పనిచేసిన ఆస్పత్రి పేరు ఇప్పుడు ఎస్‌ఎస్‌కేఎం. దాని ప్రహరీకి 1927లో ఆవిష్కరించిన స్మారకం ఉంది. ఆ గేటు నుంచి 70 గజాల దూరంలోని ప్రయోగశాలలోనే మలేరియా ఎలా వ్యాపిస్తుందో కనిపెట్టారని శిలాఫలకం చెబుతుంది. పండాళ్ల మధ్య తీరిక చేసుకుని అక్కడిదాకా వెళ్లే యాత్రికుడు ఒక నిమిషం ఆగి చదవవచ్చు. కాకపోతే వెళ్లేముందు పాదాలకు క్రీమ్ రాసుకోవడం మరిచిపోకూడదు. దోమలకు శిలాఫలకాలు చదవడం రాదు.