ఠాణా గోడ మీద ఉండవలసిన వార్త

పోలీసు శాఖ ప్రజలతో మాట్లాడే తీరు మారింది. ఒకప్పుడు మన మొహల్లా ఠాణాకు కొత్త ఇన్‌స్పెక్టర్ వచ్చిన సంగతి ఇరానీ చాయ్ హోటల్లో ఎవరో చెప్పుకుంటే తెలిసేది. నేడు ఎవరు బదిలీ అయ్యారు, ఎవరికి పదోన్నతి లభించింది, ఎవరు పదవీ విరమణ చేశారు, ఏ కానిస్టేబుల్‌కు ప్రశంసాపత్రం అందింది అన్న వార్తలు ఫొటోలతో సహా మన సెల్‌ఫోన్లకు చేరుతున్నాయి. రక్తదాన శిబిరాలు, శాంతి సంఘాల సమావేశాలు, రమజాన్ ఇఫ్తార్ విందులు, సైబర్ మోసాలపై హెచ్చరికలు, బీబీ కా అలం ఊరేగింపు నాటి ట్రాఫిక్ మళ్లింపులు కూడా అలాగే వస్తున్నాయి.

దీనిని మేము తప్పుపట్టడం లేదు. అధికారి ఎవరో తెలిస్తే ఫిర్యాదు చేయడం సులభమవుతుంది. 2014 అక్టోబరులో హైదరాబాదులో షీ టీమ్స్ మొదలైనప్పుడు వాటి సంగతి విస్తృతంగా ప్రచారం కావడం వల్లనే ఠాణా మెట్లెక్కడానికి జంకే ఆడపిల్లలకు ఒక దారి ఉందని తెలిసింది. సమాచారం చేరిన చోట భయం తగ్గుతుంది. కాబట్టే మరొక సమాచారం గురించి అడగవలసి వస్తున్నది.

2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షను ప్రకారం ప్రతి జిల్లాలో, ప్రతి ఠాణాలో ఒక అధికారిని ప్రత్యేకంగా నియమించాలి. ఆయన ఏఎస్ఐ హోదాకు తక్కువ కాకూడదు. అరెస్టయినవారి పేరు, చిరునామా, మోపిన నేరం స్వభావం ఆయన నమోదు చేయాలి. ఆ వివరాలను ఠాణాలోను, జిల్లా కేంద్రంలోను అందరికీ కనబడేలా ప్రదర్శించాలి. డిజిటల్ పద్ధతిలోనైనా సరే. 48వ సెక్షను ప్రకారం అరెస్టు సంగతిని బంధువుకో, స్నేహితునికో వెంటనే తెలపాలి. 36వ సెక్షను ప్రకారం అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనబడాలి. అరెస్టు మెమో రాసి, కుటుంబ సభ్యునితో గాని, స్థానిక పెద్దమనిషితో గాని సాక్షి సంతకం చేయించాలి. వీటిలో చాలా వరకు 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలకు చట్టరూపమే.

పాత చట్టంలోని 41-సి సెక్షను అరెస్టు చేసిన అధికారి పేరు, హోదా కూడా నోటీసు బోర్డుపై రాయమన్నది. కొత్త సెక్షనులో ఆ మాట లేదు. సన్మానం పొందిన అధికారి పేరు ఊరంతా తెలిసే ఈ రోజుల్లో, మన బిడ్డను తీసుకుపోయిన అధికారి పేరు మాత్రం బోర్డు మీద కనబడనక్కర లేదన్నమాట!

ఈ వివరాల విలువ పాతబస్తీ తల్లులకు ఒకరు చెప్పనక్కర లేదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తరువాత ఎందరో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ తరఫున ఒక న్యాయవాది జరిపిన విచారణలో అక్రమ నిర్బంధం, చిత్రహింసల ఫిర్యాదులు నమోదయ్యాయి. కేసులు ఎదుర్కొన్న యువకులు న్యాయస్థానాలలో నిర్దోషులుగా తేలారు. ప్రభుత్వం పరిహారం చెల్లించినా, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. పోయిన సంవత్సరాలను ఏ పరిహారమూ తిరిగి తేలేదు. ఏ గంటకు, ఎవరు, ఎక్కడికి తీసుకుపోయారన్న నాలుగు మాటలు మొదటి రోజే గోడ మీద ఉంటే, అక్రమ నిర్బంధానికి అంత చోటు దొరకదు.

అరెస్టయినవారి పేర్లు బయట పెడితే వారి పరువు పోదా అని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని కుటుంబానికి జాడ తెలిపే నోటీసు వేరు, ముఖానికి ముసుగు వేసి విలేఖరుల ముందు వరుసగా నిలబెట్టడం వేరు. మొదటిది చట్టం విధించిన బాధ్యత. రెండవది తీర్పుకు ముందే వేసే శిక్ష. నిందితులు మైనర్లయితే వారి వివరాలు బయటపెట్టడాన్ని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షను నిషేధిస్తున్నది. దారిన పోయేవారి ఫొటోల విషయమూ ఇంతే. 2021లో లాక్‌డౌన్ వేళ పాతబస్తీలో తనను ఆపి, మాస్కు తీయడానికి నిరాకరించినా పోలీసులు ఫొటో తీశారంటూ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ గారు హైకోర్టును ఆశ్రయించారు. ముఖాలను గుర్తించే యంత్రాల వాడకాన్నే ఆయన ప్రశ్నించారు. మన ముఖాలు వారి దగ్గర ఉండగా, వారు చేసిన పనుల వివరాలు మన దగ్గర లేకపోవడం సమానత్వం కాదు.

సిబ్బంది వార్తల గురించి మరొక మాట. ముస్లింలు అధికంగా ఉన్న ఠాణాలలో కనీసం ఒక ముస్లిం ఇన్‌స్పెక్టర్‌ను గాని, సబ్ ఇన్‌స్పెక్టర్‌ను గాని నియమించాలని 2006లో సచార్ కమిటీ సూచించింది. ముస్లిం అధికారి మాత్రమే మనకు న్యాయం చేస్తాడని మేము అనడం లేదు. నిజాం పాలనలో 1920 నుండి 1934 వరకు ఈ నగరానికి కొత్వాలుగా ఉన్న రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి గారి పేరును ఇక్కడి ముస్లింలు నేటికీ గౌరవంగానే తలచుకుంటారు. ఠాణాలో అన్ని వర్గాలవారు పనిచేస్తేనే అది అందరిదిగా కనబడుతుందన్నదే మా మాట. బదిలీల వార్తలతో పాటు ఈ లెక్క కూడా ప్రజలకు చెప్పాలి.

ఇక భాష. 2017లో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేసింది. సమాచార హక్కు చట్టం 4వ సెక్షను కూడా స్థానిక భాషను దృష్టిలో ఉంచుకోమన్నది. ఉర్దూ మాత్రమే చదవగల అమ్మీజాన్‌కు ఇంగ్లీషు నోటీసు ఉన్నా లేనట్టే.

కాబట్టి నగర పోలీసులకు మా విజ్ఞప్తి ఇది. ప్రతి ఠాణాలో అరెస్టుల బోర్డు తెలుగు, ఉర్దూ భాషలలో ప్రతిరోజూ రాయించండి. అందుకు బాధ్యుడైన అధికారి పేరు, ఫోన్ నంబరు దాని పక్కనే ఉంచండి. చట్టం అడగకపోయినా, అరెస్టు చేసిన అధికారి పేరు కూడా రాయండి.

మన కుటుంబాలకూ ఒక బాధ్యత ఉంది. ఆపద వచ్చేదాకా ఆగకుండా, నలుగురు కలిసి, మర్యాదగా, పగటిపూట మీ ఠాణాకు వెళ్లి ఆ బోర్డు ఉందో లేదో చూడండి. లేకపోతే 37వ సెక్షను పేర్కొంటూ అర్జీ రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. సమాధానం రాకుంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ ఠాణాలో ఏమి కనబడిందో మాకు రాయండి. బోర్డు సక్రమంగా ఉన్న ఠాణా ఏదైనా ఉంటే దానిని మెచ్చుకుంటూ ఈ పేజీలోనే రాస్తాము.